ఏడు పాపాల పాటకు శిగం పరీక్ష

దేవుడు నిజంగానే వచ్చాడా, వచ్చినట్టు చేస్తున్నారా అని చూసి చెప్పడం మా ఊళ్ళో నా పని. ఎవరూ అప్పగించింది కాదు, జీతం లేదు. పోచమ్మ బోనాలప్పుడు కొందరు ఆడవాళ్ళ ఒంటి మీదికి దేవత వస్తుంది. జుట్టు విరబోసుకొని ఊగుతారు, దేవత మాటలు చెబుతారు. దాన్ని మేము శిగం అంటాం. అట్లా ఊగేవాళ్ళు కింద పడకుండా వెనక నుంచి పట్టుకునేదాన్ని నేను. పట్టుకోగా పట్టుకోగా చేతులకు తెలిసిపోయింది. నిజంగా శిగం వచ్చిన మనిషి ఒళ్ళు బండలాగా బరువెక్కుతుంది. దొంగ శిగం మనిషి పడబోయే ముందు మెత్తటి జాగా చూసుకుంటుంది. మొహం మీద బండారి చల్లితే, బండారి అంటే మల్లన్న పసుపు, దొంగది ముందే కళ్ళు మూసుకుంటుంది. ఊగుతూ ఊగుతూ కొంగు సర్దుకున్నా నాకు అనుమానమే. ఇట్లా చాలామందిని బయటపెట్టాను కాబట్టి ఊళ్ళో నాకు చుట్టాలు ఎక్కువ, స్నేహితులు తక్కువ.

నస్పూర్‌లో ఉండే లలిత నా చెల్లెలి బిడ్డ. చెల్లెలు పోయింది కాబట్టి నేనే దానికి తల్లి లెక్క. ఒకరోజు ఏడుస్తూ ఫోను చేసింది. దాని బిడ్డ స్రవంతి మంచిర్యాలలో మందుల షాపులో పని చేస్తుంది. నెమ్మదిగా మాట్లాడే పిల్ల. ఆ పిల్ల ఇంకో ముగ్గురు పోరగాళ్ళతో కలిసి పాటలు పాడుతోందట. పాడితే ఏడవడం ఎందుకు అన్నాను. వీడియో పంపింది. చూశాను. నల్ల చొక్కా వేసుకొని, జుట్టు విరబోసి, నడుము వంచి ఆ పిల్ల తీస్తున్న గొంతు బావిలో పెద్ద బండ దొర్లినట్టు ఉంది. హెవీ మెటల్ అంటారట ఆ రకం పాటను. పాట పేరు 'ఏడు'. మనిషిని ముంచే పాపాలు ఏడని, ఆ ఏడింటి మీద కట్టారట.

విన్న వెంటనే నా నోరు జారింది. "ఈ గొంతు నేను ఎరిగిన గొంతే" అన్నాను. నిజంగానే ఎక్కడో విన్నాను. నా చేతుల మీద ఊగినవాళ్ళలో ఎవరిదో అనుకున్నాను గాని మనిషి గుర్తు రాలేదు. ఆ ఒక్క మాటతో లలిత గుండె జారిపోయింది. తెలిసిన దయ్యమే పిల్లను పట్టిందనుకుంది.

లలిత పెనిమిటి మస్కట్‌లో ఉంటాడు. ఎవరో ఆయనకూ ఆ వీడియో పంపారు. ఆయన తేల్చి చెప్పాడట, పెద్దవ్వ పోయి కళ్ళారా చూడాలని. పిల్ల మీద ఏదైనా ఉందని నేనంటే పాట బందు, మంత్రం వేసే మనిషి దగ్గర పెట్టి తీయించడమే. లేదంటే పిల్ల ఇష్టం. పిల్ల గొంతును తెచ్చి నా నోట్లో పెట్టారన్నమాట. ఆదిలాబాద్‌లో ఒక కాలేజీ ఉత్సవానికి వాళ్ళను పిలిచారని తెలిసి, కొంగున బండారి ముడి వేసుకొని బయలుదేరాను. పోయి వచ్చాక, అటు పోనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

కరీంనగర్, ఆ తర్వాత పోకూడని దారి

హుజూరాబాద్‌లో బస్సెక్కితే కండక్టరు ఆధారు చూసి సున్నా టికెట్ ఇచ్చాడు. ఆడవాళ్ళకు బస్సు ఊరికే. ఊరికే వచ్చేదాన్ని నమ్మే అలవాటు నాకు లేదు. మధ్యలో ఎవడైనా ఎక్కి పైసలు అడుగుతాడేమోనని దిగేదాకా ఆ చీటీ పిడికిట్లోనే పెట్టుకున్నాను. ఎవడూ ఎక్కలేదు. చెమటకు చీటీ మీది అక్షరాలు మాత్రం పోయాయి.

కరీంనగర్ బస్టాండులో చాయ పదిహేను రూపాయలు. గ్లాసు చూస్తే గుడిలో తీర్థం పోసేంత ఉంది. సగమే పోశావేమని అడిగితే నిండా పోస్తే ఒలుకుతుందన్నాడు. ఒలికితే నేను తుడుస్తాను, పొయ్యి అన్నాను. పోశాడు.

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, రాత్రి బడిలో. అప్పటి నుంచి ఒక పొగరు పట్టుకుంది. ఎవరినీ దారి అడగను, బోర్డు చదువుతాను. మనిషి అబద్ధం చెప్పినా అక్షరం చెప్పదని నా నమ్మకం. లలిత ముందు ధర్మపురికి రమ్మంది కాబట్టి, 'జగిత్యాల' అని రాసి ఉన్న బస్సు చదివి ఎక్కాను.

పక్క సీట్లో నలభై ఏళ్ళ ఆడమనిషి. బస్సు కదలగానే నా భుజం మీద తల వాల్చింది. ఇది బస్టాండు దొంగల పద్ధతి అనుకున్నాను. సంచిని కాళ్ళ మధ్యకు లాక్కొని, మెడలో గొలుసు పట్టుకొని కూర్చున్నాను. ఆమె నోరు తెరిచి నిద్రపోతోంది. దొంగ నిద్రేమోనని వేళ్ళు చూశాను. చూపుడు వేలి మీద దారం కోసిన గాట్లు, పాతవాటి మీద కొత్తవి. లేచాక చెప్పింది, సిరిసిల్లలో మరమగ్గాలకు దారం కండెలు చుడుతుందట. కరీంనగర్ దవాఖానలో ఉన్న తల్లిని చూసి మళ్ళీ పనికే పోతోంది. సిరిసిల్ల పోయేదానివి ఈ బస్సెందుకు ఎక్కావమ్మా అన్నాను. ఇది సిరిసిల్ల బస్సే కదా అంది.

కండక్టరును పిలిచాను. పొద్దున జగిత్యాల పోయి వచ్చిందట బస్సు. బోర్డు మార్చడం మరిచిపోయాడు.

"బోర్డు జూసి ఎక్కుతరా పెద్దమ్మా ఎవరన్న?" అంది ఆమె. "నోటితోని అడిగి ఎక్కాలె గని."

వెనక సీట్లవాళ్ళు కూడా నవ్వారు. ఇంటి నుంచి తెచ్చిన సర్వపిండి సగం విరిచి ఆమెకు ఇచ్చాను. దొంగ అనుకున్నందుకు అని చెప్పలేదు, ఆకలిగా ఉన్నట్టున్నావు తిను అన్నాను. అంత నిద్ర ఏమిటని అడిగితే, పనికాడ కూర్చుంటే సేటు అరుస్తాడు, ఇంటికాడ కూర్చుంటే పొయ్యి ఆరిపోతుంది, బస్సులోనే కూర్చునేది అంది. వేములవాడలో దిగి, ముగ్గురిని అడిగి, జగిత్యాల బస్సు పట్టుకున్నాను. ముగ్గురూ ఒకే బస్సు చూపించారా లేదా అని కూడా సరిచూసుకున్నాను.

ధర్మపురి

లలిత ఒకరోజు ముందే వచ్చి నా కోసం ఎదురుచూస్తోంది. పిల్లకు తెలియకుండా నాతో మాట్లాడాలని ఆమె ఆలోచన. మర్నాడు పొద్దున్నే గోదావరిలో మునిగాం. రేవులో ఒకాయన పువ్వులు, దీపం, దొప్ప కలిపి ముప్పై అన్నాడు. దొప్ప వద్దు, దీపం చేత్తో వదులుతానంటే ఇరవైకి దిగాడు. నీళ్ళు తక్కువగా ఉన్నాయి, రాళ్ళు కాళ్ళకు గుచ్చుకున్నాయి. నరసింహస్వామి దర్శనం చేసుకొని, ఆకులో పెట్టిన పులిహోర తిన్నాం. పులుపు పళ్ళకు పట్టింది. బాగుంది. అనుమానించడానికి నాకు ఏమీ దొరకని చోటు ఈ దారిలో అదొక్కటే.

తర్వాత లలిత నన్ను ఆటో ఎక్కించింది. ఊరు దాటాక పొలాల మధ్య ఒక రేకుల షెడ్డు. వీరయ్య అనే మనిషి గాలి, ధూళి తీస్తాడట. ఆ ఊరి పేరు రాయను. మెడలో రుద్రాక్షలు, చేతికి పెద్ద గడియారం. మేం పోయేసరికి కళ్ళు మూసుకొని ఉన్నాడు. ఆటో చప్పుడు విని మూసుకున్నాడని నా అనుమానం, ఎందుకంటే పక్కన బీడీ నుంచి ఇంకా పొగ వస్తోంది.

"పిల్ల మీద ఎంతమంది ఉన్నరు?" అని అడిగాను.

"ఏడుగురు" అన్నాడు, కళ్ళు తెరవకుండానే.

"పిల్లను జూసినవా?"

"జూసుడెందుకమ్మా, నాకు కనవడ్తది. ఒక్కొక్కనికి ఒక్క ఆదివారం. ఏడు ఆదివారాలు పిల్ల ఈడ్నే ఉండాలె."

లలిత నా వైపు చూసింది, ఎంత సరిగ్గా చెప్పాడో చూశావా అన్నట్టు. షెడ్డు మధ్య గుంజకు ఇనుప కడియం వేసి ఉంది. పశువులు ఉన్న జాడ లేదు. గుంజ కింద పగిలిన పచ్చ గాజుల ముక్కలు రెండు మెరిశాయి. నేను శిగం వచ్చినవాళ్ళను పట్టుకున్నాను గాని ఎవరినీ కట్టేయలేదు.

బయటికి వచ్చాక, పాట పేరు ఈయనకు చెప్పావా అని లలితను అడిగాను. చెప్పానంది. పాట పేరు 'పది' అయి ఉంటే పది ఆదివారాలు అయ్యేవి.

ఆ మాట దానితో అన్నాను. లలిత నవ్వలేదు. "ఆయన దొంగోడే అనుకుందాం పెద్దవ్వా. పిల్ల మీద నిజంగ ఏదన్న ఉంటె మల్ల? ఎరిగిన గొంతని నువ్వే అంటివి గద" అంది. రాయపట్నం వంతెన మీద బస్సు గోదావరి దాటుతుంటే చేతులు జోడించి కూర్చుంది. ఆ గొంతు ఎవరిదో నాకు అప్పటికీ గుర్తు రాలేదు. వచ్చే ఆదివారం పిల్లను తెస్తానని వీరయ్యకు మాట ఇచ్చి ఉంచిందని కూడా అప్పుడే చెప్పింది.

నస్పూర్

బొగ్గు బావుల ఊరు. పొద్దున ఆరేసిన తెల్ల చీర సాయంత్రానికి బూడిద రంగుకు వస్తుంది. మా ఊళ్ళో పొద్దును చూసి పనిలోకి పోతాం, అక్కడ సైరన్ విని పోతారు. సైరన్ కూయగానే వీధిలో సగం మంది టిఫిను డబ్బాలతో బయటికి వచ్చారు, సగం మంది నల్లటి మొహాలతో లోపలికి వచ్చారు.

స్రవంతి జొన్న రొట్టెలు చేసి, పచ్చిపులుసు కలిపి పెట్టింది. నేను రొట్టె తింటూ పిల్లను చూస్తున్నాను. చల్లనీళ్ళు తాగడం లేదు, ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసుకొని గుటకలు వేస్తోంది. పడుకునే ముందు మూతి బిగించి తేనెటీగలాగా సన్నగా మూలుగుతోంది. ఏంటది అంటే గొంతు సాధన అంది. నాకు నమ్మకం కలగలేదు. శిగం వచ్చే ముందు కూడా కొందరు అట్లాగే మూలుగుతారు.

మర్నాడు వాళ్ళు పాడే చోటికి తీసుకెళ్ళింది. డ్రమ్ములు కొట్టే దానియేలు వాళ్ళ ఇంటి వెనక గది. వాళ్ళ నాయన బావిలో దిగి పని చేస్తాడు. చప్పుడు బయటికి పోకుండా గోడలకు పాత పరుపులు కొట్టారు. నల్లులు ఉంటాయని నేను నిలబడే ఉన్నాను. ఏడు పాపాల సంగతి దానియేలు తమ చర్చిలో విన్నాడట. గర్వం, దురాశ, కామం, అసూయ, కోపం, తిండిపోతుతనం, సోమరితనం. మనకు ఆరే కదా అన్నాను. కామం, క్రోధం, లోభం, మోహం, మదం, మాత్సర్యం. రాత్రి బడిలో పంతులు ఇవి పలక మీద రాయించాడు. క్రోధంలో వత్తు రాక చాలా బాధపడ్డాను. వాళ్ళ లెక్కలో మోహం లేదు, మన లెక్కలో తిండీ నిద్రా లేవు.

"నాలుగు ముద్దలు ఎక్కువ తింటే పాపమా?" అని గట్టిగానే అడిగాను.

"మా బాపు గూడ గదే అడిగిండు అమ్మమ్మా" అన్నాడు దానియేలు. "బాయిల కెళ్ళి వచ్చినంక నాలుగు రొట్టెలు తింటె పాపమెట్లయితదని. గందుకే ఆ చరణం ఎదురు తిప్పి రాసినం. తినెటోనిది కాదు, తిననియ్యనోనిది పాపమని."

సోమరితనం చరణం స్రవంతి రాసిందట. మామూలు గొంతుతో చదివి వినిపించింది.

కూసుంటే పాపమన్నవు కుర్చీల కూసోని
నిలవడ్డ కాళ్ళకెల్లి ఎన్నడన్న జూసినవా

బస్సులో నా భుజం మీద నిద్రపోయిన మనిషి యాదికి వచ్చింది. పిల్లతో అనలేదు. పొగిడితే నా పరీక్ష చెడిపోతుంది.

తిరిగి వస్తుంటే పిల్లే మాట ఎత్తింది. "నువ్వు నన్ను జూడనీకి రాలే. నా లోపట ఎవరున్నరో జూడనీకి వచ్చినవ్."

"ఉన్నరా?"

"నువ్వే చెప్పాలె. నీ పనే గద."

ఆదిలాబాద్

వాళ్ళ వ్యానులోనే పోయాను. డ్రమ్ములకు మంచి సీటు, నాకు చక్రం మీది సీటు. జన్నారం దాటాక అంతా టేకు అడవి. ఉట్నూరులో చాయకు ఆపితే కోతి ఒకటి గిటారు పిల్లవాని బిస్కెట్ పుడ లాక్కుపోయింది. దురాశ అని ఒకడు, తిండిపోతుతనం అని ఇంకొకడు పందెం వేసుకున్నారు. అదెంత ఆకలి మీద ఉందో అన్నాను నేను. పందెం చెడిపోయింది. నా నోటితో ఇదే గొడవ.

ఆదిలాబాద్‌లో పొద్దుటి తిండి అటుకులు. మా దిక్కు అటుకుల్లో పాలు, బెల్లం వేసుకుంటాం, లేదంటే పోపు పెట్టి కరకరలాడిస్తాం. అక్కడ తడిపి, పసుపు వేసి, మెత్తగా ఉడికించి, పైన కారప్పూస చల్లి ఇస్తారు. పోహా అంటారు, ప్లేటు ఇరవై. అంత పచ్చగా ఉంటే రంగు కలిపావా అని అడిగాను. బండి ఆమెది మరాఠీ కలిసిన తెలుగు. నవ్వుతూ డబ్బా తీసి పసుపు చూపించింది. "నాకుని జూడు ఆయీ" అంది. ఆయీ అంటే అమ్మ. నాకి చూశాను. పసుపే.

ఆ బండి దగ్గరే స్రవంతి నన్ను పక్కకు పిలిచింది. వచ్చే ఆదివారం సంగతి దానికి తెలిసిపోయింది. ధర్మపురిలో మమ్మల్ని తిప్పిన ఆటో అతను మంచిర్యాలలో వాళ్ళ షాపుకే మందులకు వస్తాడట, చెప్పేశాడు. గుంజకున్న కడియం సంగతి కూడా.

"దొంగ శిగమని చెప్తె అమ్మ ఊకుంటది" అంది. "గట్లనే చెప్పు అమ్మమ్మా. నీ మాట బాపు ఇంటడు. గని నా ముంగట మాత్రం అనకు. నాలుగేండ్ల సంది కష్టపడి తెచ్చుకున్న గొంతు అది. దాన్ని దొంగదంటె నేను ఇనలేను."

నిజమైన శిగమంటే పిల్ల గుంజకు పోతుంది, దొంగదంటే గుండె పగులుతుంది. నా దగ్గర ఈ రెండు మాటలే ఉన్నాయి, మూడోది ఎన్నడూ అవసరం పడలేదు. నేను చూసిందే చెబుతాను, చూడనిది చెప్పను అన్నాను. పిల్ల ప్లేటు సగంలో వదిలేసి పోయింది. మిగిలింది నేను తిన్నాను. ఇరవై రూపాయలది.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే కాలేజీ మైదానంలో మొదలుపెట్టారు. స్టేజీ దగ్గరికి పోబోతే కాపలా పిల్లవాడు, ఆయీ ఇటు రావద్దు అన్నాడు. పాడే పిల్ల అమ్మమ్మను అన్నాను. నమ్మలేదు. ఆధారు తీశాను. ఆధారులో అదేమీ ఉండదు గాని, కార్డు చూసి జరిగాడు. మెట్ల పక్కన, పిల్లకు నాలుగు అడుగుల దూరంలో నిలబడ్డాను.

దానియేలు డ్రమ్ములు మొదలుపెట్టగానే పక్కన మెట్లు అదిరాయి. చెవులతో వినే చప్పుడు కాదది, ఎముకలతో వినాలి. స్రవంతి తల వంచింది, జుట్టు ముందుకు పడింది. ఆ గొంతు వచ్చింది. ఫోనులో విన్నది దాని ముందు ఏపాటి. రోమాలు నిలబడ్డాయి. అయినా నా పని నేను చేశాను. కాళ్ళు చూశాను. కుడి మడమ దెబ్బ దెబ్బకూ సరిగ్గా పడుతోంది. చరణానికీ చరణానికీ మధ్య పక్కకు తిరిగి ఊపిరి తీసుకుంటోంది. దానియేలుకు కనుసైగ చేస్తోంది. మైకు తీగ కాలికి తగిలితే చూసి తప్పించుకుంది. ఒంటి మీద దేవత ఉన్న మనిషి తీగను చూడదు.

ఇంకా ఒక పరీక్ష మిగిలింది. కోపం చరణం నడుస్తుండగా కొంగు ముడి విప్పి, గుప్పెడు బండారి పిల్ల మొహం మీదికి విసిరాను. పసుపు గాలిలో ఉండగానే పిల్ల కళ్ళు మూసుకుంది. తేలిపోయింది. నా లెక్క ప్రకారం దొంగది. కానీ పాట ఆగలేదు, అక్షరం తొణకలేదు. మొహమంతా పచ్చగా కళ్ళు తెరిచి నన్ను చూసి అదే గొంతుతో తర్వాతి మాట అందుకుంది. కింద పిల్లలంతా ఈలలు వేశారు. ఇది కూడా పాటలో భాగమే అనుకున్నారు. ముందు వరసలో ఒకడు చేతులు చాచి, అమ్మా నాక్కూడ జర అని మొహం పెట్టాడు. మిగిలింది వాడి మీద కొట్టాను. వాడు దండం పెట్టాడు.

చివరిది గర్వం. అందులో మాటలు అయిపోయాక 'నేను' అన్న ఒక్కటే మిగులుతుంది. దేవత వచ్చిన మనిషి తన గురించి ఎన్నడూ నేను అనదు, ఈ బిడ్డ అంటుంది. పిల్ల ఒక చేత్తో మైకు కర్ర పట్టుకొని, రెండో చెయ్యి నడుముకు ఆనించి, మోకాళ్ళు వదులు చేసి, పొత్తికడుపు లోపలి నుంచి లాగుతోంది. ఎంతసేపు లాగిందో తెలియదు. అప్పుడు నా చేతులు వాటంతట అవే ముందుకు చాచుకున్నాయి, భుజాలు పట్టుకోవడానికి. నాకంటే ముందు చేతులకు గుర్తొచ్చింది, ఆ గొంతు ఎక్కడ విన్నానో, ఎవరిని పట్టుకొని విన్నానో.

స్టేజీ వెనక

పాట అయ్యాక పిల్ల వెనక ఒక డ్రమ్ము పెట్టె మీద కూర్చుంది. మామూలు పిల్ల. ముక్కులో పసుపు పోయి తుమ్ముతోంది. లలిత అప్పటికే రెండుసార్లు ఫోను చేసింది. మూడోసారి ఎత్తి, లైనులో ఉండమని చెప్పి, మా పద్ధతి ప్రకారం అడగాల్సింది అడిగాను.

"ఎవరు నువ్వు?"

పిల్ల నన్ను అదోలా చూసింది. "స్రవంతిని."

"ఏ ఊరు?"

"నస్పూర్."

"ఏం గావాలె నీకు?"

ఇక్కడ దేవతలు బోనం అడుగుతారు, కోడిని అడుగుతారు, చీర అడుగుతారు. పిల్ల తుమ్మి, గొంతు పట్టేసి, పొద్దున వదిలేసిన పోహా ఉందా అంది.

నేను తిన్నానని చెప్పి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. అంతా విన్నట్టుంది లలిత. "శిగం లేదు" అన్నాను. పిల్ల తల దించుకుంది, తర్వాతి మాట తెలుసన్నట్టు. "దొంగది గూడ కాదు. వేరే ఎవ్వరు లేరు దాంట్ల. మొదటి సంది ఆఖరిదాంక కన్ను తిప్పకుండ జూసిన."

"మరి ఆ గొంతు?" అంది లలిత. "పిల్లది గాని గొంతు అది. ఎరిగిన గొంతు అంటివి. ఎవరిది మల్ల?"

"నీది" అన్నాను.

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"హుజూరాబాద్ దవాఖానల ఇది పుట్టినప్పుడు నీ భుజాలు పట్టుకున్నది ఎవరే? నేనే గద. పొద్దు పొడిసిందాంక నడుము మీద చెయ్యి పెట్టుకోని మొత్తుకున్నవ్. గదే గొంతు. గదే వంగుడు. అవ్వా అనలే, దేవుడా అనలే. నేను సచ్చిపోత, నేను సచ్చిపోత అన్నవ్. నర్సు బయటికి ఉరికింది."

స్రవంతి తల ఎత్తింది. పసుపు మొహం మీద రెండు గీతలు కారి ఉన్నాయి. చెమటో మరొకటో నేను పరీక్ష చేయలేదు.

లలిత మెల్లగా అడిగింది. "గంత గట్టిగ మొత్తుకున్ననా నేను?"

"గంతకంటె గట్టిగ. దీనికి మైకున్నది. నీకు లేకుండె."

తర్వాత పిల్లకు ఫోను ఇవ్వమంది. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, పిల్ల గొంతు పట్టేసి ఊ ఊ అంటోంది, అంతే. తిరిగి ఇచ్చాక లలిత నాతో అన్న మాట, పాలలో మిరియాలు కొంచెం ఎక్కువ వేసి తాగించమని.

ఆదివారం నేను మా ఊరికి వచ్చేశాను. ఈసారి నోటితో అడిగే ఎక్కాను. వీరయ్య పొద్దున్నే బీడీ పక్కన పెట్టుకొని, ఆటో చప్పుడు కోసం చూసి ఉంటాడు. చూడనీ.